పనికివచ్చే ప్రాణం

ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కను కొడతారు. జనమేజయుడు యాగం చేస్తూ ఉంటే ఒక కుక్కపిల్ల ఆడుకొంటూ అక్కడికి వస్తుంది. అది హవిస్సును ముట్టలేదు, అటు కన్నెత్తి చూడనుకూడా లేదు. అయినా రాజు తమ్ముళ్ళు దాన్ని చావగొట్టారు. తల్లి సరమ ఏడుస్తూ రాజు దగ్గరకు వచ్చి, తప్పు చేయని ప్రాణిని కొట్టారు గనక కారణం కనిపించని భయాలు వచ్చి మీ మీద పడతాయని చెప్పి వెళ్ళిపోయింది. నన్నయ గారు ఈ కథను ఎంతో సొగసుగా తెనిగించారు. బి.ఏ. తరగతిలో నేను ఏటా ఈ పాఠం చెపుతాను. విద్యార్థులు దాన్ని ఒక చిన్న నీతికథగా విని, పరీక్షకు రాసుకొని, మరచిపోతారు.

ఈ ఏడు పాఠం అయినాక ఒక విద్యార్థి లేచాడు. "సార్, అమెరికాలో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ఇటువంటి కనిపించని భయమే పట్టుకొంటుందట. దాన్ని పోగొట్టటానికి దిక్కులేని కుక్కలకు తర్ఫీదు ఇచ్చి వాళ్ళకు అప్పగిస్తున్నారట. ఇంతకూ భయం కుక్కవల్ల వస్తుందా, కుక్కవల్ల పోతుందా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి తప్పించుకొన్నానని ఇంటికి పోయినాక తెలిసింది.

మర్నాడు అధ్యాపకుల గదిలో ఈ మాట ఎత్తాను. అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకాయన, ఉద్యమంలో నాకంటే పాతవాడు, పేపరులోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు: "బాంబులు వేసి వచ్చినవాడికి కుక్కనిచ్చి ఓదారుస్తున్నారు. బాగానే ఉంది. బాంబు పడ్డ ఇంట్లో పిల్లకు ఏమిచ్చారు?" ప్రశ్న న్యాయమైనది. కాని ఆయన దాన్ని ప్రశ్నగా వెయ్యలేదు, తలుపు మూయటానికి వేశాడు. ఇదంతా సామ్రాజ్యవాదుల నాటకం, మనం ఆలోచించవలసింది ఇందులో ఏమీ లేదన్నది ఆయన భావం. ఆలోచించవలసింది చాలా ఉన్నదని నేను అనుకొంటున్నాను.

ముందు విషయమేమిటో తెలుసుకొందాం. తెలుసుకోకుండా ఖండించటం మనవాళ్ళలో కొందరికి అలవాటైపోయింది.

అమెరికాలో యజమానులు వదిలేసిన కుక్కలనూ, వీధిలో దొరికిన కుక్కలనూ ఉంచటానికి షెల్టర్లు ఉన్నాయి. ఏటా సుమారు 31 లక్షల కుక్కలు వాటిలోకి చేరుతున్నాయనీ, 3,90,000 కుక్కలను చంపేస్తున్నారనీ అక్కడి జంతురక్షణ సంఘం ఒకటి 2019 నాటి లెక్కలను బట్టి అంచనా కట్టింది. ఈ కుక్కలు అక్కడికి ఎందుకు వస్తాయి? అన్నీ కరిచినవీ, పిచ్చెక్కినవీ కావు. అద్దె ఇల్లు మారవలసి వచ్చింది, కొత్త యజమాని కుక్కను రానివ్వనన్నాడు. ఉద్యోగం పోయింది, పశువైద్యుడికి ఇవ్వటానికి డబ్బు లేదు. మనిషి కష్టం కుక్క మెడకు చుట్టుకొంటుంది. తెచ్చి అక్కడ కట్టేసి పోయినవాళ్ళలో ఏడుస్తూ పోయినవాళ్ళు తక్కువేమీ కాకపోవచ్చు.

ఇటువంటి కుక్కల్లోంచి కొన్నిటిని ఎంచి మాజీ సైనికులకోసం తర్ఫీదు ఇచ్చే సంస్థలు బయలుదేరాయి. ఫ్లారిడా రాష్ట్రంలో 2011లో పుట్టిన 'కే-నైన్స్ ఫర్ వారియర్స్' వాటిలో పెద్దది. దాని కుక్కల్లో ఎక్కువభాగం షెల్టర్లనుంచి వచ్చినవే. సంస్థవాళ్ళు వచ్చి చూస్తారు. వయసు మించకూడదు. మనిషి పక్కన నిలబడితే ఆనేంత ఎత్తుండాలి. పెద్ద చప్పుడుకు బెదరకూడదు, మరో కుక్కను చూసి మీదపడకూడదు. తుంటి ఎముకలు బాగున్నాయో లేదో ఎక్స్‌రే తీసి చూస్తారు. ఎంపికైనదానికి నెలలతరబడి తర్ఫీదు. ఆ తరవాత మాజీ సైనికుడు వచ్చి మూడు వారాలు అక్కడే ఉండి ఆ కుక్కతో కలిసి బతకటం నేర్చుకొని దాన్ని ఇంటికి తీసుకుపోతాడు.

ఈ కుక్క ముద్దుకు పెంచుకొనేది కాదు. 2011 నుంచి అక్కడ అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం, వికలాంగుడైన మనిషికి అవసరమైన నిర్దిష్టమైన పని చెయ్యటానికి తర్ఫీదైన కుక్కే సర్వీస్ డాగ్. ఊరికే పక్కన ఉండి ఊరట కలిగించేది ఆ లెక్కలోకి రాదు. మరి కాళ్ళూ కళ్ళూ ఉన్న సైనికుడికి అది చేసే పనేమిటి? రాత్రి అతను కలలో కేకలువేస్తూ కొట్టుకొంటుంటే మూతితో పొడిచి లేపుతుంది. దుకాణంలో వరుసలో నిలబడినప్పుడు వెనక ఎవరు వచ్చారోనని అతని గుండె దడదడలాడుతుంటే, అది వెనక్కి తిరిగి కూర్చొని కాపలా కాస్తుంది. అతను ముందుకు చూడగలుగుతాడు. చేతులు వణకటం మొదలైతే గమనించి ఒళ్ళో తల పెట్టి బరువంతా అతనిమీద మోపుతుంది. ఇవి చెప్పుకోవటానికి చిన్న పనులు. కూరగాయల అంగడికి వెళ్ళలేక ఏళ్ళతరబడి ఇంట్లో తలుపులు వేసుకొని కూర్చున్నవాడికి ఇవి చిన్నవి కావు.

ఈ వ్యాధికి పి.టి.ఎస్.డి. అని పేరు. వియత్నాం యుద్ధం ముగిసిన అయిదేళ్ళకు, 1980లో, అమెరికా మనోవైద్యుల జాబితాలోకి ఎక్కింది. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు; పిరికితనమని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. పేరు మారినంతమాత్రాన వ్యాధి మారలేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయంవారు 2021లో ప్రకటించిన లెక్క చూడండి: 2001 తరవాతి యుద్ధాలలో చచ్చిపోయిన అమెరికన్ సైనికులు 7,000 పైచిలుకు, ఆ యుద్ధకాలంలో పనిచేసినవాళ్ళలో ఆత్మహత్య చేసుకొన్నవాళ్ళు 30,000 పైచిలుకు. ఆ యుద్ధాలలో చచ్చినవాళ్ళకు నాలుగింతలమంది తమ చేతులతో తామే చచ్చారు.

కుక్క వల్ల ఇది నయమవుతుందా? నయమవుతుందని ప్రచారకులు అంటారు. ఎవరిమాటా గుడ్డిగా నమ్మనక్కరలేదు. అక్కడి మాజీ సైనికుల శాఖ పార్లమెంటు ఆజ్ఞమీద ఒక పరీక్ష మొదలుపెట్టింది. అది ఆగి, సాగి, పదేళ్ళు పట్టి 2021లో బయటపడింది. 181 మందిని తీసుకొని కొందరికి తర్ఫీదైన కుక్కలనూ, కొందరికి మామూలు నెమ్మదికుక్కలనూ ఇచ్చి చూశారు. జీవితం మొత్తం మీద రెండు పక్షాలకూ పెద్ద తేడా కనిపించలేదు. వ్యాధి లక్షణాలలో మాత్రం తర్ఫీదైన కుక్కలున్నవాళ్ళకు కొంత మెరుగు కనిపించింది. 2024లో ప్రకటితమైన మరో పరిశోధన, పైన చెప్పిన ఫ్లారిడా సంస్థ కుక్కలతోనే చేసినది, 81 మంది కుక్కలు తీసుకొన్నవాళ్ళను 75 మంది వంతుకోసం ఎదురుచూస్తున్నవాళ్ళతో పోల్చింది. మూడు నెలల తరవాత కుక్కలున్నవాళ్ళకు వ్యాధి, ఆందోళన, కుంగుబాటు తక్కువగా ఉన్నాయి. అంటే, మహిమ లేదు, ఫలితం ఉన్నది. శాస్త్రీయ దృక్పథం గలవాళ్ళం గనక రెండూ ఒప్పుకోవాలి.

ఇప్పుడు నా మిత్రుడి ఆక్షేపణకు వస్తాను. దురాక్రమణ యుద్ధంలో తుపాకి పట్టినవాడి మీద మనకు జాలి ఎందుకు?

అమెరికాలో నిర్బంధ సైనికసేవ 1973లోనే పోయింది. ఇరాక్‌కు పోయినవాడు తనంతట తాను సంతకం పెట్టి పోయాడు. నిజమే. కాని ఆ సైన్యం కాలేజీ ఫీజు కడతానని, వైద్యం చేయిస్తానని, నెలనెలా జీతమిస్తానని ఆశచూపి పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి పిలుస్తుంది. చదువూ వైద్యమూ ప్రజల హక్కులుగా ఉన్నచోట ఆ పిలుపుకు అంత బలం ఉంటుందా? అంతమాత్రాన అతను నిర్దోషి అని నేననటం లేదు. అతను కూడా అనుకోవటం లేదన్నదే ఇక్కడ ముఖ్యం. జొనాథన్ షే అనే మనోవైద్యుడు వియత్నాం నుంచి వచ్చినవాళ్ళకు చాలాకాలం వైద్యం చేసి, 1994లో ఒక పుస్తకం రాశాడు; హోమర్ కావ్యంలోని అకిలీస్‌ను పక్కన పెట్టుకొని తన రోగులను అర్థం చేసుకొన్నాడు. చావు భయం ఒక్కటే మనిషిని ఇట్లా చెయ్యదని అతని వాదం. ఏది న్యాయమో దానికి పై అధికారులే ద్రోహం చెయ్యటం, ఆ ద్రోహంలో తానూ భాగస్వామి కావటం మనిషిని లోపలినుంచి విరిచేస్తాయి.

మనకిది కొత్త సంగతేమీ కాదు. భారతం చదివినవాళ్ళకు ధర్మరాజు తెలుసు. గెలిచినాక రాజ్యం వద్దన్నాడు. భీష్ముడు అంపశయ్యమీద పడుకొని శాంతిపర్వమంతా, ఆనుశాసనికపర్వమంతా ఉపదేశం చేశాడు. ఇంత విన్నాక కూడా అశ్వమేధపర్వం ఆరంభంలో ఆయన మళ్ళీ దుఃఖంతో కూలబడ్డాడు. ప్రపంచసాహిత్యంలో ఇంత పొడుగు ఉపదేశం ఇంత తక్కువ ఫలితమిచ్చిన సందర్భం మరొకటి ఉండదనుకొంటాను. చివరికి భార్యా తమ్ముళ్ళూ ఒకరి తరవాత ఒకరు దారిలో పడిపోగా ఆయన వెంట మిగిలింది ఒక కుక్క.

కాబట్టి సైనికుడి బాధ నాటకం కాదు. అది యుద్ధం మీద యుద్ధం చేసినవాడే ఇచ్చే సాక్ష్యం. దాన్ని ఎగతాళి చేస్తే మనం ఒక సాక్షిని పోగొట్టుకొంటాం. బాంబు పడ్డ ఇంట్లో పిల్ల మాట మరవకూడదు; ఇరాక్‌లో, ఆఫ్ఘనిస్తాన్‌లో తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే పిల్లలకోసం అమెరికా ఏ కుక్కకూ తర్ఫీదు ఇవ్వలేదన్న నా మిత్రుడి కోపం సరైనదే. కాని ఒక బాధను లెక్కలోకి తీసుకోవటానికి మరో బాధను లెక్కలోంచి కొట్టివెయ్యాలన్నది చిల్లర వ్యాపారి పద్దతి.

నాటకం ఉన్నది. అది సైనికుడి దగ్గర కాక, చెల్లింపు దగ్గర ఉన్నది.

యుద్ధం చేసింది ప్రభుత్వం. 2001 తరవాతి యుద్ధాలకు ఎనిమిది లక్షల కోట్ల డాలర్లయిందని ఆ బ్రౌన్ విశ్వవిద్యాలయమే లెక్కకట్టింది. ఒక కుక్కకు తర్ఫీదు ఇవ్వటానికి ఇరవైవేల డాలర్ల పైన అవుతుందని సంస్థలు చెపుతాయి. ఈ ఇరవైవేలు ఎవరు పెడుతున్నారు? ఎక్కువభాగం చందాలు. అంధులకూ చెవిటివారికీ నడవలేనివారికీ కుక్కలుంటే వాటి వైద్యఖర్చు భరిస్తామనీ, మనోవ్యాధికి ఇచ్చిన కుక్కకు మాత్రం రుజువులు చాలవు గనక భరించమనీ మాజీ సైనికుల శాఖ 2012లో నియమం చేసింది. మందు పనిచేస్తుందని రుజువు కావాలనటం తప్పు కాదు. కాని ఇరాక్‌లో మారణాయుధాలున్నాయనటానికి 2003లో ఇంత నిక్కచ్చిగా రుజువులు అడిగివుంటే, ఈ కుక్కలు ఇంతమందికి అవసరమయ్యేవే కావు. పెట్టిన అప్పు తీర్చకుండా, పొరుగువాళ్ళు చందాలెత్తి ఆ ఇంటికి అన్నం పంపుతుంటే చూసి, 'మా ఊళ్ళో ఎంత దయ!' అని మురిసిపోయే ఆసామిలాగా ఉన్నది ప్రభుత్వం. దయను నేను తక్కువ చెయ్యటం లేదు. చందా ఇచ్చే ముసలమ్మ మంచిదే. బాకీని దయగా మార్చి చూపటమే మోసం.

ఈ ప్రభుత్వానికి కుక్కల విషయంలో ఒక చరిత్ర కూడా ఉన్నది. వియత్నాంకు దాదాపు 4,000 కుక్కలను తీసుకుపోయారు. పొదలో దాగిన తుపాకిని, నేలలో పాతిన మందుపాతరను అవి పసికట్టి సైనికులను కాపాడాయి. తిరిగివచ్చినవి 200 దాకా. తక్కినవన్నీ యుద్ధంలో చావలేదు. చాలా కుక్కలను అక్కడే చంపేశారు, లేదా వదిలేశారు. ఎందుకంటే సైన్యం చిట్టాలో కుక్క అంటే పరికరం, పని అయిపోతే మిగులు సామాను. తమ కుక్కలను తెచ్చుకొంటామని ఏడ్చిన సైనికుల మాట ఎవరూ వినలేదు. ముసలివైన సైనిక కుక్కలను పెంచుకోవటానికి ఇవ్వవచ్చునన్న చట్టం 2000 నవంబరులో గాని రాలేదు.

ఇక్కడ నాకు అసలు ప్రశ్న ఎదురయింది. షెల్టరునుంచి సైనికుడి ఇంటికి వచ్చిన కుక్కను 'రక్షించాం' అంటున్నారు. ఏ కొలతతో రక్షించారు? వయసు, ఎత్తు, తుంటి ఎముక, నిబ్బరం. అంటే పనికివస్తుంది గనక రక్షించారు. తర్ఫీదు మధ్యలో తప్పినవాటికి పెంచుకొనేవాళ్ళను చూసి ఇస్తున్నారు, అది మెచ్చుకోదగినదే. కాని మొదటిరోజున, చప్పుడుకు బెదిరినందుకు, గంపెడు వయసు వచ్చినందుకు, ఒక కాలు కుంటినందుకు సంస్థవాళ్ళు చూసి దాటిపోయిన కుక్క ఆ బోనులోనే ఉంటుంది. చప్పుడుకు బెదరటమే దాని నేరం. చప్పుడుకు బెదిరే మనిషికోసం, చప్పుడుకు బెదరని కుక్కను వెతుకుతున్నాం! ఈ కొలత ఎక్కడిది? సైనికుణ్ణి చేర్చుకొన్నప్పుడు కొలిచిందీ, విరిగిపోయినప్పుడు పక్కకు తోసిందీ ఇదే కొలత కాదా? కూలివాణ్ణి ఏరే మేస్త్రీ కొలతా ఇదే.

మూడో మనిషి ఒకడున్నాడు, అతన్ని మరవకూడదు. 1981లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక మహిళా కారాగారంలో, షెల్టరు కుక్కలకు ఖైదీలచేత తర్ఫీదు ఇప్పించే పద్ధతిని పాలిన్ క్విన్ అనే ఆమె ఆరంభింపజేసింది. ఇళ్ళనుంచీ సంస్థలనుంచీ తప్పించుకొని వీధుల్లో తిరిగిన బాల్యం ఆమెది. ఒక కుక్క వెంట ఉండటమే తనను నిలబెట్టిందని ఆమె చెప్పుకొనేది. ఆ పద్ధతి తరవాత ఎన్నో జైళ్ళకు పాకింది. మాజీ సైనికులకు ఇచ్చే కుక్కలనూ అక్కడ తయారు చేస్తున్నారు. ఖైదీకి దక్కేది నామమాత్రపు కూలి. వదిలేసిన కుక్కకు, మూసిపెట్టిన మనిషి తర్ఫీదు ఇచ్చి, విరిగిపోయిన మనిషికి ఇస్తున్నాడు. సమాజం పారవేసిన ముగ్గురు ఒకరినొకరు బాగుచేసుకొంటుంటే, పారవేసిన సమాజం చప్పట్లు కొడుతున్నది. చౌక శ్రమ అని దీన్ని తిట్టవచ్చు, తిట్టాలికూడా. కాని ఆ బోనులో కుక్క పక్కన పడుకొన్న ఖైదీని అడగండి, దీన్ని ఆపేయమంటుందా? అనదు. ఇటువంటి చోటే మన సిద్ధాంతం కాస్త నెమ్మదిగా నడవాలి.

మహాప్రస్థానిక పర్వంలో కుక్కను వదిలి రమ్మని ఇంద్రుడన్నాడు. నమ్మి వెంటవచ్చినదాన్ని విడవటం పాపమనీ, అట్లా అయితే స్వర్గమే వద్దనీ ధర్మరాజు అన్నాడు. ఆ కుక్క ఆయనకు ఏ పనీ చేసిపెట్టలేదు. కాపలా కాయలేదు, దారి చూపలేదు. వెంట వచ్చింది, అంతే. కథ అక్కడ ఆగివుంటే ఎంత బాగుండేదో! కాని కవి ఆగలేకపోయాడు. కుక్క యమధర్మరాజని తేల్చేశాడు. పనికిరాని కుక్కకోసం స్వర్గం వదులుకొన్న మనిషి, ఒక్క క్షణంలో పరీక్షలో నెగ్గిన విద్యార్థి అయిపోయాడు. ప్రాణాన్ని ప్రాణంగా చూడటం మన పూర్వులకూ కష్టంగానే ఉండేదన్నమాట.

అయినా ఇందులో నాకు ఆశ కలిగించే సంగతి ఒకటున్నది. సర్వీస్ డాగ్ అనేదే యుద్ధంలోంచి పుట్టింది. గ్యాస్‌వల్ల, గుండ్లవల్ల కళ్ళుపోయిన సైనికులకోసం జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో 1916లో మొదటి శిక్షణాలయం పెట్టారు. దారిచూపే ఈ కుక్కలకు ఆజ్ఞలు పాటించటం నేర్పినాక, చివరన మరో విద్య నేర్పుతారు. దాన్ని తెలివైన అవిధేయత అనవచ్చు. యజమాని 'పద' అన్నా ఎదురుగా బండి వస్తుంటే కుక్క కదలకూడదు. తప్పుడు ఆజ్ఞను ధిక్కరించలేని కుక్కను అంధుడి చేతికి ఇవ్వరు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చొన్నాను. ఏ సైన్యం తన సిపాయికి ఈ పాఠం ఇంత శ్రద్ధగా నేర్పింది? చట్టవిరుద్ధమైన ఆజ్ఞను పాటించనక్కరలేదని సైనికచట్టాలు కాగితంమీద అంటాయి. 1968లో మై లై గ్రామంలో ఆ కాగితం ఏమయిందో లోకమంతా చూసింది.

2021 ఆగస్టులో అమెరికాలో మరో చట్టం వచ్చింది. 2022లో అయిదు ఆస్పత్రులలో, అయిదేళ్ళ గడువుతో ప్రయోగం ఆరంభించారు. ఇందులో విశేషమేమంటే, మాజీ సైనికుడికి కుక్కనివ్వటం దీని మొదటి ఉద్దేశం కాదు. అతనే కుక్కకు తర్ఫీదు ఇస్తాడు, వేరొక మాజీ సైనికుడికోసం. కుక్క మాట వినాలంటే అతను గొంతు తగ్గించాలి, ఓపిక పట్టాలి, అది చేసిన చిన్న పనికి నిజంగా సంతోషించాలి; సంతోషం నటిస్తే కుక్క మోసపోదు. తను ఆజ్ఞకు లోబడి పోగొట్టుకొన్నదాన్ని, లోబరచుకోకుండా నేర్పటంలో వెతుక్కొంటున్నాడు. అతనికి కావలసింది సేవ చేసే ప్రాణి కాక, తన అవసరం ఉన్న ప్రాణి అనుకొంటాను.

ఇదంతా నా మిత్రుడికి చెప్పాను. ఆయన ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సరే, ఆ బోనులో మిగిలిపోయిన బెదురుకుక్క సంగతేమిటి? దానికి ఓపికగా నేర్పటానికి ఆ సైనికుణ్ణే పంపించకూడదా, పనికిరాకపోయినా సరే?" అన్నాడు. ఆ చట్టంలో అటువంటి ఏర్పాటు లేదని చెప్పాను. "లేదని నాకూ తెలుసు, ఉండాలా వద్దా చెప్పు" అన్నాడు. గంట కొట్టారు, ఇద్దరం తరగతులకు లేచాం.